తేడా సీసాల కుప్ప

ఖాళీ బీరు సీసా బాగుందో లేదో కళ్ళతో చూసి చెప్పేవాడు ఈ పనికి కొత్త. పాతబడ్డవాళ్ళం రెండు చేతుల్లో రెండు సీసాలు పట్టుకుని మెడకి మెడ తాటిస్తాం. ఖంగుమంటే మంచిది. టక్కుమంటే ఎక్కడో జీర ఉంది. తరువాత మూతి చుట్టూ బొటనవేలు ఒకసారి తిప్పుతాం, పెచ్చు లేచిందేమోనని. ఏళ్ళ తరబడి తిప్పేసరికి నా బొటనవేలి మీద గీతలన్నీ పోయాయి. ఒకసారి ఏదో ఆఫీసులో వేలిముద్ర వేయమంటే కాగితం మీద నున్నటి మచ్చ పడింది.

"వేలు అరిగిపోయిందేంటయ్యా?" అన్నాడు గుమాస్తా.

"ఊరంతా తాగిన మూతులు తుడిచిన వేలండీ" అన్నాను.

ఆఫీసంతా నవ్వింది. నాకు చిన్నప్పటినుంచీ అదొక జబ్బు. ఎదుటివాళ్ళు ఒక మాట అంటే దాని పక్కన ఇంకో మాట పెట్టకుండా ఉండలేను. ఈ జబ్బు వల్ల నేను బడి పోగొట్టుకున్నాను. దానికి దిగులు లేదు. ఇంకొకరు ఇల్లు పోగొట్టుకున్నారు. ఆ సంగతి చెబుదామనే ఇది రాస్తున్నాను.

ముందు బడి. ఎనిమిదో తరగతి. లెక్కల మాస్టారు బోర్డు దగ్గర నిలబడి "ఆ సంఖ్యను ఎక్స్ అనుకుందాం" అన్నారు. నేను లేచి, "ఎందుకనుకోవాలండీ? అదెంతో మీకు తెలుసు కదా, చెప్పెయ్యండి" అన్నాను. ఆయన చప్పున బోర్డువైపు తిరిగారు. వెనకనుంచి భుజాలు కదలడం కనబడింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి మాత్రం మామూలు మాస్టారి మొహమే. "బయట నిలబడు" అన్నారు. నిలబడ్డాను. నిలబడి నిలబడి విసుగొచ్చి నడిచాను. నడిచి నడిచి వన్‌టౌన్‌లో తేలాను.

అక్కడ ఒక ఇరుకు సందులో పాత సీసాల కొట్టు ఉండేది. యజమానిని అందరూ భాయ్ అనేవారు, నేనూ అలాగే పిలిచి పనిలో చేరిపోయాను. ఊళ్ళో ఖాళీ సీసాలన్నీ తోపుడుబళ్ళ మీద ఆ కొట్టుకి చేరేవి. కడిగి, ఏరి, గోనెసంచుల్లో కట్టి లారీ ఎక్కిస్తే బీరు కంపెనీలకి వెళ్ళి, నిండి, మళ్ళీ ఊళ్ళోకే వచ్చేవి. అప్పట్లో బీరు సీసాలన్నీ ఒకే అచ్చు. గోధుమరంగు, ఒకే ఎత్తు, ఒకే మెడ. ఒక కంపెనీ సీసాలో ఇంకో కంపెనీ పోసుకునేది. పైన కాగితం మారేది, అంతే.

భాయ్ జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. కడగని సీసా కొట్టు గడప దాటకూడదు. సందు మొదట్లో బోరింగు దగ్గర ఆడవాళ్ళు కూర్చుని కడిగాకే లోపలికి. "నేను అమ్మేది గాజు. లోపలిది ఎవడో తాగేశాడు, అది వాడి సంగతి" అనేవాడు.

ఆయనకి ఇంకో పట్టింపు ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి బయల్దేరేలోపు కొట్టు ఖాళీ కావాలి. ధర వచ్చినా రాకపోయినా ఆ వారం సరుకు ఆ వారమే లారీ ఎక్కాలి.

"భాయ్, రెండు వారాలు ఆపితే సీసాకి పావలా ఎక్కువొస్తుందంటున్నారు."

"నీకు పావలా వస్తుందిరా. నాకు నమాజులో సీసాలు మోగుతాయి. ఎత్తు."

ఎత్తాను. ఏళ్ళకేళ్ళు ఎత్తాను. మధ్యలో సర్కారు మందు బందు చేసిన రోజులొచ్చాయి. బీరు సీసా కంటికి కనబడలేదు. దగ్గుమందు సీసాలు, ఫినాయిల్ సీసాలు, సాస్ సీసాలు ఏరుకుని బతికాం. "పోనీలే, ఊళ్ళో దగ్గు బందు చెయ్యలేదుగా" అన్నాడు భాయ్. అప్పుడు కూడా శుక్రవారానికి కొట్టు ఖాళీ. ఖాళీ చెయ్యడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు, అది వేరే సంగతి.

బందు ఎత్తేశాక సీసాలు మళ్ళీ వచ్చాయి. భాయ్ మోకాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. వ్యాపారం నాకు అప్పగించి ఇంటిపట్టున కూర్చున్నాడు. సందులో లారీ తిరగడం కష్టమని నేను పటమట అవతల కాలువ గట్టు పక్కన ఒక రేకుల షెడ్డు అద్దెకి తీసుకున్నాను. సీసాలు ఏరడానికి నలుగురు ఆడవాళ్ళు, ఎత్తుకురావడానికి ఒక ట్రాలీ ఆటో. సాయంత్రం అయిదింటికి పటమట బార్లన్నీ తిరిగి ఖాళీలు తెచ్చుకునేవాణ్ణి. శుక్రవారం లెక్క మాత్రం మార్చలేదు. భాయ్ చూడటం లేదు కదా అనిపించేది గానీ, చెయ్యి అలవాటుపడింది.

అలా తిరుగుతూ ఉండగా ఒక బార్లో ఆ లెక్కల మాస్టారు కనబడ్డారు. రిటైరై మూడేళ్ళట. మూల బల్ల, పైన ఫ్యాను, ముందు ఒక బీరు, ఇంగ్లీషు పేపర్లో షేర్ల పేజీ. నేను బల్ల మీది సీసా తియ్యబోతే దాని మెడ పట్టుకుని ఆపారు.

"అడుగున ఇంకా ఉందయ్యా." తలెత్తి చూశారు. "ఆగాగు. నువ్వు ఎక్స్ అనుకోనన్నవాడివి కదూ?"

"అవునండీ. ఇంకా బయటే నిలబడ్డానండీ. లోపలికి రమ్మంటారా?"

ఈసారి తిరగడానికి బోర్డు లేదు. ఎదురుగానే నవ్వారు. కుర్చీ లాగి కూర్చోమన్నారు. ఆ రోజు నుంచి నా తిరుగుడులో ఆఖరి బల్ల ఆయనదే. నేను తాగను. వాసనకే చిన్నప్పుడు మొహం మొత్తింది. ఆయన గ్లాసు అయ్యేదాకా కబుర్లు చెప్పి, సీసా పుచ్చుకుని వెళ్ళేవాణ్ణి.

ఆయన ఇల్లు ఆ వీధి చివరే. రెండు గదులు, వరండా, పెరట్లో కరివేపాకు చెట్టు. అద్దె ఇల్లే గానీ ముప్ఫయ్యేళ్ళుగా అదే. పిల్లల్లేరు. మాస్టారి భార్యని నేను అమ్మగారు అనేవాణ్ణి. ఆవిడకి చూపు పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆ ఇంట్లో తిరుగుతుంటే మాత్రం ఆ సంగతి ఎవరూ పోల్చుకోలేరు. గుమ్మం నుంచి పొయ్యి దాకా ఏడడుగులు. పొయ్యి నుంచి పెరటి తలుపుకి నాలుగు. కరివేపాకు రెమ్మ ఎంత ఎత్తున అందుతుందో చేతికి తెలుసు. ఒకసారి నేను వరండాలో స్టూలు కొంచెం జరిపి కూర్చున్నాను. ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చి, మోకాలికి స్టూలు తగిలి ఆగిపోయారు.

"ఎవరు నాయనా నా స్టూలు జరిపింది?"

"నేనేనమ్మా. మీ ఇంట్లో ట్రాఫిక్ రూల్సు తెలియవు."

"జరిపితే జరిపావు, చెప్పు. ఈ ఇల్లు నాకు పద్యంలా నోటికొచ్చు. మధ్యలో నువ్వొక మాట మార్చేస్తే ఎలా?"

ఆ యేడు వేసవికి ముందే ఇంటి యజమాని ఇల్లు అమ్మేస్తానన్నాడు. "ముందు మాట మీదే మాస్టారూ. మీరు కొనుక్కుంటే నాకు సంతోషం. కార్తీకం దాకా ఆగుతాను" అన్నాడు. మర్యాదస్తుడే. మాస్టారి దగ్గరున్నదంతా కలిపితే చాలావరకు సరిపోతుంది. మిగతా అప్పు కోసం ఆయన బ్యాంకు చుట్టూ తిరుగుతూ ఉండగానే ఇనుము, సిమెంటు ధరలు పెరిగాయి. పక్క వీధిలో కొత్త ఇళ్ళు ఎంతకి పోతున్నాయో చూసి యజమాని ఇంకొంచెం పెంచాడు. దాంతో నాలుగో వంతు తక్కువపడింది. అది పుట్టకపోతే అరవయ్యేళ్ళు దాటాక అమ్మగారు ఇంకో ఇంటిని మొదటి అడుగు నుంచి నేర్చుకోవాలి. జరిగిందంతా ఆ నాలుగో వంతు కోసం జరిగిందే.

మాస్టారి డబ్బులో కొంత ఒక బీరు కంపెనీ షేర్లలో ఉండేది. "నా బీరు నేను తాగి నా కంపెనీని నేనే నిలబెడుతున్నానురా" అనేవారు. కొన్నాళ్ళు బాగానే నిలబడింది. ఆ యేడు అన్నీ ఒక్కసారి లేచాయి. డీజిల్ పెరిగింది. బార్లీ పెరిగింది. గాజు కొలిమిలో మండే నూనె పెరిగింది కాబట్టి కొత్త సీసా పెరిగింది. అట్టపెట్టె పెరిగింది, మూత రేకు పెరిగింది. బీరు ధర మాత్రం కంపెనీ తన ఇష్టానికి పెంచుకోడానికి లేదు, సర్కారు ఊ అనాలి. సర్కారు చాలాకాలం ఊ అనలేదు. షేరు జారడం మొదలెట్టింది.

బార్లో ఆ మార్పు ముందు పల్లీల దగ్గర తెలిసింది. బీరుతో పాటు వేయించిన వేరుశెనగ గుళ్ళు ఊరికే ఇచ్చేవారు. అవి మరమరాలయ్యాయి. తరువాత మరమరాల్లోంచి ఉల్లిపాయ పోయింది. తరువాత ప్లేటే రావడం మానేసింది.

"ఏం తమ్ముడూ, ప్లేటు కూడా ఎగుమతి చేసేశారా?" అన్నాను సర్వరుతో.

"నూనె రేటు తెలుసా అన్నా నీకు? ఐసు ఫ్యాక్టరీవాడు గడ్డ మీద జనరేటర్ డీజిల్ కూడా వేస్తున్నాడు. ఇంకా ఫ్యాను తిప్పుతున్నందుకు సంతోషించు."

చివరికి సర్కారు ఊ అంది. సీసా మీద రేటు పెరిగింది. చెరొకటి తాగేవాళ్ళు ఇద్దరికొకటి తెప్పించుకోవడం మొదలెట్టారు. గ్లాసులో పోసేటప్పుడు ఎవరికి ఎక్కువ పడిందోనని వంగి చూసుకునేవారు. రోజూ వచ్చే మాస్టారు రోజు విడిచి రోజు రావడం మొదలెట్టారు.

"రేటు పెరిగింది కదండీ. మరి మీ షేరు లేవాలిగా?"

"రేటు పెరిగితే తాగేవాడు తగ్గాడు. ఎవర్నో ఎందుకు, నన్ను చూడు. నా షేరుని నేనే ముంచుతున్నాను."

అని నవ్వారు. నా చేతిలో ఉన్న ఖాళీ సీసాకేసి చూశారు.

"దీన్ని ఎంతకి వేస్తున్నావురా ఇప్పుడు?"

చెప్పాను. కిందటేటికి దాదాపు రెట్టింపు. కొత్త సీసా కొనలేక కంపెనీలన్నీ పాతవాటి మీద పడ్డాయి. లారీ ఎప్పుడు పంపమంటావని పొద్దున్నే ఫోన్లు వచ్చేవి. నేను బతికిన బతుకులో నాకు అంత మర్యాద ఎప్పుడూ జరగలేదు.

మాస్టారు బల్ల మీద చెమ్మలో వేలితో ఏదో గీశారు. "కంపెనీకి ఖర్చెక్కడ పెరిగింది? సీసాలో. ఆ ఖర్చు ఎవరి జేబులోకి పోతోంది? నీ జేబులోకి. నేను ఇన్నాళ్ళూ బల్లకి తప్పు పక్కన కూర్చున్నానురా."

"ఇటు వచ్చెయ్యండి మరి. కుర్చీ ఖాళీయే."

సరదాకి అన్నాను. ఆయన సరదాకి తీసుకోలేదు. వారం తిరక్కుండా షేర్లు వచ్చినకాడికి అమ్మేసి, ఇంటికోసం దాచిన దాంట్లోంచి కూడా తీసి, గుడ్డసంచిలో పెట్టుకుని షెడ్డుకి వచ్చారు.

"సీసాలు కొని పెట్టు. ఇప్పుడే అమ్మెయ్యకు. కార్తీకం ముందు ఒకేసారి అమ్ముదాం."

"మాస్టారూ, ఇది ఇంటి డబ్బండీ."

"అందుకే కదరా."

వద్దనాల్సింది. రోజూ ఉదయం ఫోన్లో వినబడే ధర నాకూ తలకెక్కింది. డీజిల్ ఇంకా పెరుగుతుందని లారీ డ్రైవరు దగ్గర్నుంచి టీవీలో కోటు వేసుకున్నవాడి దాకా అందరూ చెబుతున్నారు. నా దగ్గరున్నది కూడా తీసి పక్కన పెట్టాను.

ఆ శుక్రవారం లారీ రాలేదు. నేనే రావద్దన్నాను. మధ్యాహ్నం దూరంగా మసీదు మైకు వినబడింది. సంచులు సంచుల్లా ఉన్నాయి. ఏమీ జరగలేదు.

మైలవరం నుంచి కొన్నాం, బందరు నుంచి కొన్నాం. షెడ్డు నిండి, ముందున్న ఖాళీ స్థలం నిండి, పైన పట్టాలు కప్పాం. మాస్టారు ప్రతి ఆదివారం వచ్చి, తలకిందులుగా పెట్టిన క్రేటు మీద కూర్చుని ఆ వరసలు చూసేవారు. గోడవారగా ఉన్న వరసకి వంటిల్లని పేరు పెట్టారు. గేటు దగ్గరిది వరండా. మూలన విడిగా ఉన్న పది సంచులు కరివేపాకు చెట్టు.

"పడగ్గది ఇంకా లేవలేదేమిట్రా?"

"మేస్త్రీ రాలేదండీ. బందరులో పెళ్ళికెళ్ళాడు."

ఒకరోజు భాయ్ కూడా వచ్చాడు. ఆటోలోంచి దిగలేదు. గేటు బయటినుంచే పట్టాల ఎత్తు చూశాడు.

"ఇవాళ ఏ వారంరా?"

"శుక్రవారం భాయ్."

"ఏం లేదు, నీకు గుర్తుందో లేదో అని అడిగాను" అని ఆటోవాణ్ణి పోనిమ్మన్నాడు.

సీసాలు ఏరేటప్పుడు రెండు కుప్పలు పడతాయి. మంచివి ఒక పక్క. మూతి విరిగినవి, జీర పడ్డవి, పొట్టివి, అచ్చు తేడావి ఇంకో పక్క. ఈ రెండోదాన్ని మేం తేడా కుప్ప అంటాం. తేడా కుప్పని ఎవరూ చూడరు. పని నేర్పేటప్పుడే అలా నేర్పుతారు. కన్ను మంచిదాని కోసం వెతకాలి, పనికిరాని దాని మీద ఒక్క క్షణం ఆగినా ఆ రోజు కూలి గిట్టదు. చెయ్యి పక్కకి విసురుతుంది, కన్ను ముందుకి పోతుంది. కుప్ప పెరిగాక పెంకుకి అమ్మేస్తాం. పెంకంటే పగిలిన గాజు. తూకానికి పోతుంది, దానికి ధర అంటూ పెద్దగా ఉండదు.

వేసవి మధ్యలో ఏరే ఆడవాళ్ళలో పెద్దావిడ ఒక సీసా పట్టుకొచ్చింది.

"ఇదిగో అబ్బాయ్, దీని భుజం మీద ఏదో రాతుంది చూడు."

మెడ కింద, గాజులోనే ఉబ్బెత్తుగా కంపెనీ పేరు పోసి ఉంది. అంటించిన కాగితం కాదు, గాజే. బొటనవేలు పెట్టి చూశాను. గీతల్లేని వేలికి కూడా అక్షరాలు తగిలాయి.

"పచ్చబొట్టు పొడిపించుకొచ్చిందమ్మా. తేడాలో పడెయ్."

నలుగురూ నవ్వారు. పడేశారు. మర్నాడు ఇంకో నాలుగొచ్చాయి. "అబ్బాయ్, ఇంకో పచ్చబొట్టు!" అని కేకేసి విసిరేవాళ్ళు. షెడ్డులో అదొక ఆటయిపోయింది. కొన్నాళ్ళకి కేకెయ్యడం కూడా మానేశారు, ఎన్నిసార్లని కేకేస్తారు. రెండుసార్లు కుప్పని పెంకుకి పంపించేశాను. మళ్ళీ లేచింది.

ఒక ఆదివారం మాస్టారు వంటిల్లు, వరండా చూసుకుని అటు తిరిగారు.

"ఆ కుప్పేమిట్రా? కిందటివారం మోకాలెత్తుంది. ఇవాళ నడుం దాకా వచ్చింది."

"అదా మాస్టారూ, పచ్చబొట్ల వార్డు. మీరు షేర్లమ్మేశారని కంపెనీ బెంగపెట్టుకుని ఒళ్ళంతా పేరు రాసుకుంటోంది."

ఆయన నవ్వారు. నవ్వి మళ్ళీ ఆ కుప్పకేసే చూశారు. లెక్క తప్పు వచ్చినప్పుడు బోర్డుకేసి చూసే చూపు అది. నోరు తెరిచి ఏదో అడగబోయారు. నేను ఇంకో జోకు వేశాను. అదేమిటో ఎంత ప్రయత్నించినా ఇప్పుడు గుర్తు రాదు. ఆయన మళ్ళీ నవ్వారు. అడగబోయింది అడగలేదు.

దసరాకి ముందు, మా సీసాల్లో ఎక్కువభాగం కొనే కంపెనీ నుంచి ఫోనొచ్చింది. సరుకు కొనే గుమాస్తా. ఇకనుంచి తమ పేరున్న సీసాలు మాత్రమే తీసుకుంటామన్నాడు. పేరు పోసిన సీసాని ఇంకో కంపెనీ వాడుకోలేదు, తమ సీసా తమకే తిరిగొస్తుంది, ప్రతి యేడూ ఈ ధరల గోల ఉండదు, అందుకని.

"పేరు లేనివి మా దగ్గర చాలా ఉన్నాయండీ."

"పెంకుకి వేసుకోండి."

"ఇలా ఉన్నట్టుండి చెబితే ఎలాగండీ?"

"ఉన్నట్టుండేమిటండీ? వేసవి నుంచీ వదులుతున్నాం కదా మార్కెట్లోకి. మీ ఊరు రాలేదా?"

"వచ్చాయండీ" అన్నాను.

ఫోను పెట్టేసి తేడా కుప్ప దగ్గరికి వెళ్ళాను. షెడ్డు మొత్తంలో పనికొచ్చే సీసాలు అవే. మిగతా వంటిల్లు, వరండా, కరివేపాకు చెట్టు, అన్నీ తేడా కుప్ప. నేను ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. ఇంటికెళ్ళి అన్నం తిన్నాను. చారు బాగుందని కూడా అన్నానట, మా ఆవిడ తరువాత చెప్పింది.

చిన్న కంపెనీలు ఇంకా పాత సీసాలే వాడుతున్నాయి, వాళ్ళకి అమ్ముదామని తిరిగాను. నాలాగా దాచినవాళ్ళు జిల్లా అంతా ఉన్నారని అప్పుడు తెలిసింది. అందరం ఒకేసారి గేటు ముందు నిలబడ్డాం. పైగా అదే నెలల్లో నూనె ధర ప్రపంచమంతా దిగడం మొదలైంది. కొలిమి చవకైంది, కొత్త సీసా చవకైంది. నాలుగు లారీలు కూడా పోలేదు. అవి కూడా, ధరని బట్టి చూస్తే, ఊరికే ఇచ్చేసినట్టే.

ఆదివారం మాస్టారు వచ్చారు. క్రేటు మీద కూర్చున్నాక చెప్పాను. జోకుల్లేకుండా చెప్పాను, అందుకని ఆయనకి మొదట నేను చెప్పేది అర్థం కాలేదేమో. రెండోసారి చెప్పాను. పచ్చబొట్ల కుప్ప సంగతి కూడా చెప్పాను. వేసవిలోనే నా వేలికి తగిలిందని చెప్పాను.

"పెంకుకి ఎంతొస్తుంది?"

అంచనాగా చెప్పాను. ఆయన నేల మీద దుమ్ములో వేలితో గీశారు. చాలాసేపు గీశారు.

"వరండా వస్తుంది" అన్నారు.

లారీలో పెంకు ఎక్కువ పట్టాలంటే సీసాలు ముందే పగలగొట్టాలి. మూడురోజులు పట్టింది. మొహాలకి తువ్వాళ్ళు చుట్టుకుని, నలుగురు ఆడవాళ్ళు, నేను, ఇనపరాడ్లు. మొదటి గంట చెవులు హోరెత్తాయి. తరువాత వినబడటం మానేసింది. మంచి సీసా పగిలినా, జీర సీసా పగిలినా ఒకటే చప్పుడు. పెద్దావిడ అలవాటుగా ఒక్కో సీసా మూతి చుట్టూ వేలు తిప్పి చూసి మరీ పగలగొట్టేది. "చూడక్కర్లేదు పెద్దమ్మా" అన్నాను. "ఆఁ" అంది. మళ్ళీ తిప్పింది.

రెండోరోజు మాస్టారు వచ్చి దూరంగా కూర్చున్నారు. గాజు ఎగిరి పడుతుంది, వెళ్ళిపొమ్మన్నాను. వెళ్ళలేదు. మంచినీళ్ళ కోసం నేను ఆగినప్పుడు అన్నారు:

"ఆ రోజు నిన్ను బయట నిలబెట్టాల్సింది కాదురా. ఎందుకనుకోవాలని అడిగావు. సరైన ప్రశ్నే. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి అనుకోవడమే నేర్పాను."

ఏదైనా తిరుగు సమాధానం చెబుతానని ఆయన ఆగినట్టనిపించింది. నేను నీళ్ళు తాగి రాడ్డు పట్టుకున్నాను.

భాయ్ దగ్గరికి కూడా వెళ్ళాను. ఆయనకి ఎవరో ముందే చెప్పారు. టీ తెప్పించాడు. ఎందుకిలా చేశావని అడగలేదు.

"సీసాలు మోగుతున్నాయా?" అన్నాడు.

"లేదు భాయ్. ఏమీ మోగడం లేదు."

ఆయన నా మొహంలోకి చూసి, తన టీ కూడా నావైపు జరిపాడు.

కార్తీకంలో ఇల్లు వేరేవాళ్ళు కొనుక్కున్నారు. వాళ్ళదీ తప్పు కాదు. మాస్టారు మైలవరంలో అద్దె తక్కువని రెండు గదుల వాటా చూసుకున్నారు. సామాను వేసింది నా ట్రాలీ ఆటోలోనే. బయల్దేరేముందు అమ్మగారు గుమ్మం నుంచి పొయ్యి ఉండే చోటు దాకా ఏడడుగులు నడిచారు. అక్కణ్ణుంచి నాలుగు. పెరట్లో చెయ్యెత్తి కరివేపాకు రెమ్మ తుంపుకుని కొంగులో కట్టుకున్నారు. నేను మంచం కోళ్ళకి తాడు బిగిస్తున్నాను. ముడి సరిగ్గా పడటం లేదని మళ్ళీ విప్పి కట్టాను. మళ్ళీ విప్పాను.

ఇప్పటికీ నెలకోసారి మైలవరం వెళ్తాను. నాకు చేతనైనంత డబ్బు ఇస్తాను. మాస్టారు వద్దనరు, తీసుకుంటారు. వద్దంటే నేనేమైపోయేవాణ్ణో. ఒక బీరు కూడా పట్టుకెళ్తాను. నెలకదొక్కటే ఆయనకి. పేపరు ఉంటుంది గానీ షేర్ల పేజీ లోపలే ఉండిపోతుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ ఇంట్లో గోడ వెంబడి నులకతాడు కట్టి ఉంది. గుమ్మం నుంచి వంటింటికి, వంటింటినుంచి పెరటికి. మాస్టారే కట్టారు. అమ్మగారు దాన్ని పట్టుకుని పైకే లెక్కపెడుతూ నడుస్తున్నారు. పాత ఇంట్లో ఆవిడ లెక్కపెట్టడం నేనెప్పుడూ వినలేదు.

మాస్టారు గ్లాసు ముగించాక ఆవిడ బల్ల తుడవడానికి వచ్చి సీసా చేతిలోకి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పారు. మెడ కింద బొటనవేలు ఆగింది. అక్కడే వెనక్కీ ముందుకీ నెమ్మదిగా నడిచింది.

"దీని మీద అక్షరాలున్నాయే, నాయనా."

"ఉన్నాయమ్మా."

"ఇదివరకు నేను నూనెకి వాడుకున్నవి నున్నగా ఉండేవిగా. ఎప్పట్నుంచి?"

మాస్టారు పేపరు మడుస్తున్నారు. మడవడం అయిపోయినా మడుస్తూనే ఉన్నారు.

"వేసవి నుంచమ్మా" అన్నాను.

"ఓహో" అని సీసా నా చేతికిచ్చారు. తాడు వెతుక్కుని, ఒకటి, రెండు అనుకుంటూ వంటింటివైపు నడిచారు. అయిదు దగ్గర ఆగి, చెయ్యి చాచి చూసుకుని, ఇంకో అడుగు వేశారు. నేను కూర్చున్న స్టూలు మీద కదలకుండా కూర్చున్నాను. అది ఎక్కడ పెట్టి ఉందో అక్కడే ఉంచాను.